తుప్పుపట్టిన చక్రము: మోటారుసైకిలు ఉక్కు రిమ్ముల పునరుద్ధరణము
(కల్లూరులో మన సంఘ వార్షిక సభయందు చేసిన ఉపన్యాసము)



కార్యక్రమ పత్రికలో నా పేరున కెదుట ‘ఉపన్యాసము’ అని మాత్రమే అచ్చువేసి విషయమును విడిచిపెట్టిరి. ముప్పది యేండ్లకు పైగా బాలురకు శబ్దమంజరి వల్లె వేయించినవాడు ఏ కాళిదాసును గూర్చియో మాటలాడునని కార్యదర్శిగారు తలంచియుందురు. నేను తుప్పుపట్టిన ఇనుమును గూర్చి మాటలాడ దలచితిని. పాత మోటారుసైకిళ్ల చక్రములకు చుట్టునుండు ఉక్కు రిమ్ము చెడినప్పుడు దానిని పారవేయక మరల పనికి తెచ్చు విధానమే నేటి ప్రసంగ విషయము. దీనికి కారణము లేకపోలేదు. మన సంఘనిధితో యువకుల కొక పనిచోటు పెట్టించవలయుననియు, అందు రిమ్ములకు క్రోము పూత పూయు తొట్లు నిలుపవలయుననియు నొక సూచన కార్యవర్గము నెదుట నున్నది. ఆ సూచనలో ఒక సగమునకు నే ననుకూలుడను. రెండవ సగమునకు ప్రతికూలుడను. ఏ సగమెందుకో పని స్వరూపము తెలిసినగాని బోధపడదు. కావున కొంచె మోపిక పట్టి వినవలయునని ప్రార్థన.

చక్రమనగానే కర్నూలు ప్రాంతమువారికి కందెన జ్ఞప్తికి వచ్చుట సహజము. అలంపురమున దేవాలయములు కట్టుటకు రాళ్లు తోలు బండ్లవారు తుంగభద్రను దాటుటకు ముందు ఈ యొడ్డున నిలిచి ఇరుసులకు కందెన వేసికొనెడివారనియు, అందువలన కందెనవోలు అను పేరు వచ్చెననియు పెద్దలు చెప్పుదురు. దీనికి శాసనసాక్ష్య మడుగు పండితులతో నాకు వాదము లేదు. ఊరి పేరులోనే బండిచక్రమును పెట్టుకొన్న సీమ యిది యను సంతోషము నాకు చాలును. ఆ చక్రము మన వడ్రంగి, కమ్మరి కులవృత్తుల కూడలి. వడ్రంగి చేసిన కఱ్ఱచక్రమునకు కమ్మరి ఇనుప పట్టా తొడిగినగాని బండి కదలదు.

ఆ పట్టా తొడుగుట నాచిన్నతనమున చూచినవారు ఈ సభలో పలువురున్నారు. చక్రము చుట్టుకొలతకంటె పట్టాను కొంచెము తక్కువగా చేసి, పిడకల మంటలో ఎఱ్ఱగా కాల్చి, పట్టుకారులతో నలుగురు లేవనెత్తి చక్రముపై దించి, వెంటనే నీళ్లు పోసెడివారు. లెక్క వేసి చూతము. 5 అడుగుల యెత్తుగల చక్రము చుట్టుకొలత సుమారు 188 అంగుళములు. ఇనుము ఒక సెంటిగ్రేడు డిగ్రీ వేడికి తన పొడవులో లక్షకు 1.2 వంతుల చొప్పున పెరుగును. 450 డిగ్రీల వేడి యెక్కించినచో పట్టా సుమారొక అంగుళము సాగును. చల్లారునప్పుడు ఆ యంగుళమే ఉడుముపట్టు వలె చక్రమును పట్టుకొని, ఆకులన్నిటిని నాభిలోనికి నొక్కును. బడి చదువు లేని మన తాతలు ఈ లెక్కను చేతి కొలతలతోనే సాధించిరి.

ఇచ్చట నొక చిన్న మాట. ఋగ్వేదము నాల్గవ మండలమున ఋభువులు అశ్వములు లేని, పగ్గములు లేని, మూడు చక్రముల రథమును నిర్మించినట్లు చెప్పబడియున్నది. ప్రథమ మండలము 164వ సూక్తమున పండ్రెండు అరలుగల చక్రము వర్ణింపబడినది. ఈ రెంటిని పట్టుకొని మనవారు వేదకాలమునందే మోటారుబండ్లు చేసిరని కొందరు వేదికలపై చెప్పుచున్నారు. అది కవి యొక్క మహిమను తగ్గించుట, కమ్మరి యొక్క పనిని దొంగిలించుట. మొదటిది దేవశిల్పుల స్తుతి. రెండవది సంవత్సరమును గూర్చిన రూపకము. అయినను నాభి, అర, నేమి అను మూడు మాటలును మనకు నేటికిని చక్కగా ఉపకరించును. హబ్బు నాభి, పుల్ల అర, రిమ్ము నేమి.

ఇక తీగపుల్లల చక్రమును చూడుడు. పైకి కఱ్ఱచక్రమునకు తమ్ముని వలె కనబడునుగాని దాని నీతి పూర్తిగా తలక్రిందులు. కఱ్ఱచక్రములో బరువు క్రింది ఆకుమీద నిలుచును. ఆకు నలుగును, పట్టా లాగబడును. తీగచక్రములో పుల్ల సన్నని తీగ గదా. దానిమీద బరువు నిలిపినచో వంగిపోవును. కావున అన్ని పుల్లలను ముందుగనే లాగి బిగింతురు. బండిమీద మనిషి కూర్చున్నప్పుడు నేలవైపు పుల్లల బిగువు కొంత తగ్గును. సున్నకు రానంతవరకు చక్రము నిలుచును. సున్నకు వచ్చినచో పుల్ల తిరుగుడు తిరుగుడునకు కదలాడి, మెడ వంపునొద్ద అలసి తెగును. పుల్లలన్నియు లోపలికి లాగుచున్నవి గనుక రిమ్ము ఎల్లప్పుడును నొక్కుడులో నుండును. కఱ్ఱచక్రమున లాగబడునది నేమి. ఇచ్చట నొక్కబడునది నేమి. ఈ సంగతి మనస్సున నుంచుకొనవలయును. తుప్పు తిని పలుచబడిన రిమ్ము పైకెంత మెరసినను, ఆ నొక్కుడునకు తాళలేక గోతిలో పడిన యొక దెబ్బకు మడతపడును. దానిమీద పోవువాడు మన పిల్లవాడే కావచ్చును.

పుల్లలను నాభినుండి నిట్టనిలువుగా గాక ప్రక్కకు వాలునట్లు అల్లు పద్ధతిని ఇంగ్లండు దేశమున కోవెంట్రీ నగరవాసి జేమ్సు స్టార్లీ 1874లో స్థిరపరచెను. నిట్టనిలువు పుల్లలు బరువును మోయగలవుగాని నాభి తిరుగుబాటును, బ్రేకు పట్టును చక్కగా అందించలేవు. వాలు పుల్లలు రెండును చేయును. 1888లో బెల్‌ఫాస్టు నగరమున జాన్ బాయిడ్ డన్‌లప్ గాలి టైరును తెచ్చెను. సైకిలుకు పుట్టిన ఈ రెంటిని మోటారుసైకిలు స్వీకరించినది.

మన ప్రాంతమున పునరుద్ధరణకు వచ్చు చక్రములలో హెచ్చు బుల్లెట్టు బండ్లవి. 1955లో మద్రాసునందు ఎన్‌ఫీల్డ్ ఇండియా సంస్థ ఏర్పడి, మొదట ఇంగ్లండునందలి రెడిచ్ నుండి తెప్పించిన భాగములతోను, పిమ్మట ఇచ్చటనే చేసిన వానితోను ఈ బండ్లను కూర్చినది. పాత బుల్లెట్టునకు 19 అంగుళముల రిమ్ము, 40 పుల్లలు. తరువాతి వరుస జావా, యెజ్డీ బండ్లది. మైసూరులో వానిని చేసిన కర్మాగారము 1996లో మూతపడినది. కావున ఆ పాత రిమ్మును చేసినవారివద్ద నుండి మరల కొనుట సాధ్యము కాదు. నకళ్లు దొరకును. కొన్ని మంచివి, కొన్ని రేకువలె పలుచనివి. తూకము వేసి పోల్చి చూచినగాని కొనరాదు.

మనది ఎండిన సీమ. కోస్తావారి ఉప్పుగాలి మన కింటికి రాదు. అట్లయినను 2009 అక్టోబరు మొదటి దినములలో తుంగభద్రయు హంద్రియు నొక్కటై కర్నూలును ముంచిన సంగతి ఎవ్వరును మరువలేదు. మేడమీదికి ఎక్కి ప్రాణములు దక్కించుకొన్నవారు బండ్లను ఎక్కించలేకపోయిరి. నీరు తీసిన పిమ్మట ఇంజనులను విప్పి కడిగించిరి, విద్యుత్తీగలు మార్పించిరి. చక్రములను బయట తుడిచి వదలిపెట్టిరి. బురదనీరు పుల్లల రంధ్రములగుండ రిమ్ము లోపలికి పోయి, ట్యూబు క్రింద నిలిచి, సంవత్సరములకొలది నిశ్శబ్దముగ ఇనుమును తిన్నది. అట్టి చక్రములు నేటికిని కల్లూరులో మా మేనల్లుని అంగడికి వచ్చుచునే యున్నవి. పైన మెరుగు, లోపల జల్లెడ. (అతనికి సంఘపు పనిచోటులో ఉద్యోగ మిమ్మని నే నడుగుట లేదు. అతనికి చేతినిండ పని యున్నది. ఈ మాట ముందుగనే చెప్పుట మంచిది.)

క్రోము పూతగల రిమ్ము తుప్పేల పట్టునని పలువు రడుగుదురు. క్రోము పొర ఒక్కటే యుండదు. ఉక్కుమీద నికెలు పొర, కొన్నిట దాని క్రింద రాగి, అన్నిటికి పైన క్రోము. అలంకారపు క్రోము మందము మీటరులో పది లక్షలవ వంతుకు మూడవ భాగము మాత్రమే. తల వెండ్రుక మందమును రెండువందల భాగములు చేసినచో అందొక భాగము. ఈ పొరలో కంటికి కనబడని పగుళ్లుండును. తడి వానిగుండ దిగి ఉక్కును చేరినప్పుడు, నికెలు ఉక్కుకంటె స్థిరమైన లోహ మగుటచే, తాను మిగిలి ఉక్కునే బలియిచ్చును. జింకు పూత యిందుకు విరుద్ధము. అది తాను కరగి ఉక్కును కాపాడును. తుప్పు తాను పుట్టిన ఇనుముకంటె ఎక్కువ చో టాక్రమించును గనుక పైపూతను పొక్కువలె లేపును. మనకు బయట ఆవగింజంత పొక్కు కనబడునప్పటికి లోపల రూపాయంత మేర చెడియుండును.

ఇక పని క్రమము. విప్పుటకు ముందే కొలతలు వ్రాసికొనవలయును. రిమ్ము అంచు హబ్బు ముఖమునకంటె ఎంత లోపలికో వెలుపలికో యున్నదో, ఏ వైపున ఏ పొడవు పుల్ల లున్నవో, ఒక పుల్ల ఎన్నిటిని దాటి అల్లబడినదో కాగితముపై గుర్తించి, ఛాయాచిత్రము తీసికొనవలయును. ఇది చేయనివాడు చక్రమును ఎంత నేర్పుగా కట్టినను ముందుచక్రము వెనుకచక్రము ఒకే గీతలో నడువవు. తరువాత నిపిల్లులకు నూనె పట్టించి ఒకటి రెండు దినములు నానవిడిచి, ప్రతి నిపిల్లును అరచుట్టు చొప్పున వరుసగా వదులు చేయవలయును. తొందరపడువారు బిగువుననున్న పుల్లలను కటింగు ప్లేయరుతో ఒకవైపునుండి తెగగొట్టుదురు. ఒకవైపు బిగువు, ఒకవైపు శూన్యము. మంచి రిమ్ము అప్పుడే మెలిక పడును.

రిమ్ము విడివడిన పిమ్మట లోపలి తుప్పును గీకి వెలుతురులో పట్టి చూడవలయును. ఉక్కు రిమ్ము పట్టీని వంచి ఒకచోట అతికినది. ఆ యతుకు ప్రక్కను, పుల్లల రంధ్రముల చుట్టును చెరుపు ముందుగ వచ్చును. సూదిమొనంత వెలుతురు కనబడినను, రంధ్రమునుండి వెండ్రుకవంటి చీలిక పారినను, దానిని పాత ఇనుము కొట్టునకు పంపవలయును. అతికి నడుపవచ్చునని చెప్పు నేర్పరులున్నారు. వారి నేర్పునకు నమస్కారము, వారి చక్రమునకు దూరము. సొట్టపడినది మాత్రము మంచి ఉక్కైనచో, వంపునకు సరిపడు కఱ్ఱదిమ్మెపై నుంచి కొయ్యసుత్తితో మెల్లగ తిరిగి తేవచ్చును.

తుప్పు తీయుటకు బజారులో మరుగుదొడ్లు కడుగుటకమ్మెడి యాసిడును వాడుట మన యువకులకు గల దురభ్యాసము. అది తుప్పుతో నాగదు; ఉక్కును తినును, పొగ ఊపిరితిత్తులను తినును, సందులలో మిగిలినది మరునాటికే క్రొత్త తుప్పును పుట్టించును. గట్టి ఉక్కు పుల్లలను దానిలో ముంచినచో హైడ్రోజను లోపలికి చొచ్చి అవి పెళుసై విఱుగును. దానికి బదులు నిమ్మ ఉప్పు నీటిలో నానబెట్టవచ్చును. మన ఇండ్లలో చింతపండుతో రాగిచెంబును తోము గుణమే యిది. ఇంతకంటె మేలైన మార్గము విద్యుత్తు. ప్లాస్టికు తొట్టిలో నీరు పోసి, నాలుగైదు లీటర్లకొక పెద్ద చెంచాడు బట్టల సోడా కలిపి, బ్యాటరీ చార్జరు ఋణధ్రువమును రిమ్మునకును, ధనధ్రువమును పాత ఇనుపరేకునకును తగిలింపవలయును. రెండును ఒకదాని నొకటి తాకరాదు. ఒక రాత్రికి తుప్పు నల్లని మడ్డియై బ్రష్షుతో వచ్చును, మంచి ఉక్కు చెక్కుచెదరదు. రెండు నిషేధములు: ధనధ్రువమునకు స్టెయిన్‌లెస్ ఉక్కు కట్టరాదు, అందలి క్రోమియము విషరూపమున నీటిలోనికి దిగును. మూసిన గదిలో చేయరాదు. హైడ్రోజను వాయువు లేచును, ఒక్క అగ్గిపుల్ల చాలును. పుల్లలను ఈ తొట్టిలోను వేయవద్దు. పుల్లలు క్రొత్తవి కొనుటయే ఉత్తమము.

తరువాతిది చక్రము కట్టుట. బుల్లెట్టు 40 పుల్లలలో ప్రక్కకు ఇరువది. వానిలో సగము లోపలినుండి, సగము వెలుపలినుండి అల్లబడును. అన్నిటిని చేతితో తొడిగి, సమముగ బిగించి, స్టాండుపై నిలిపి ఒక సూచిని అంచునొద్ద స్థిరపరచవలయును. మన మెకానిక్కులు ‘బెండు తీయుట’ యనునది ఇదియే. మొదట ఎత్తుపల్లములను, తరువాత ప్రక్కవాటములను దిద్దవలయును. ప్రక్కకు పోయినచో ఎదుటివైపు పుల్లలను పావుచుట్టు బిగించి, ఈవైపువానిని పావుచుట్టు వదలవలయును. ఒకేవైపు బిగించుచు పోవువాడు సాయంకాలమునకు కోడిగుడ్డు చక్రమును సంపాదించును. ఒక మిల్లీమీటరు లోపల తెచ్చుట సాధ్యము. చిన్న స్పానరుతో ఒక్కొక్క పుల్లను మీటినప్పుడు ఒక ప్రక్క పుల్లలన్నియు ఇంచుమించు ఒకే స్వరమున పలుకవలయును; మొద్దుగ పలికినది వదులుగ నున్నది. మా చెల్లెలి కోడలు వీణ కొంత నేర్చినది. ఆమె అంగడిలో కూర్చుండి వినినచో పరికరము చూపినదానిని ముందే చెప్పును. ఈ పనిచోటులో బాలికలకు ప్రవేశ ముండునాయని నన్నడిగినవారికి ఇది నా ప్రత్యుత్తరము. చివరకు నిపిల్లుకంటె పొడుచుకొని వచ్చిన పుల్లకొనలను ఆకురాయితో రాచి, రిమ్ టేపు వేసి, ట్యూబు తొడగవలయును. నూఱు ఇన్నూఱు కిలోమీటరులు నడిచిన పిదప పుల్లలు సర్దుకొనును గనుక మరల పరీక్షింపవలయును.

ఇప్పుడు వివాదాస్పదమైన క్రోమునకు వచ్చుచున్నాను. క్రోమియమును 1797లో ఫ్రాన్సు దేశీయుడైన వోక్లాన్ కనుగొనెను. దానిని విద్యుత్తుతో పూయుట 1920 దశకమున వ్యాపారమునకు వచ్చినది. పూత తొట్టిలో క్రోమికామ్లము చిక్కగా నుండును. దానికి వేడి యిచ్చి, బలమైన విద్యుత్తును పంపినప్పుడు బుడగలు లేచి పగిలి, సన్నని తుంపర గాలిలో నిండును. ఆ తుంపర పీల్చినవారికి ముక్కు దూలమునకు రంధ్రము పడుట వైద్యులు చిరకాలముగ నెరిగినదే. ఈ రూపమునందలి క్రోమియము మనుష్యులకు కేన్సరును కలిగించునని అంతర్జాతీయ కేన్సరు పరిశోధన సంస్థ 1990లో నిర్ణయించినది. నేలకు దిగినచో మరి తిరిగిరాదు. మన సీమకు ఎంతో దూరము లేని రాణిపేటలో క్రోమేటులు చేయు కర్మాగారము 1990 దశకమున మూతపడినను, అది వదలిన వ్యర్థముల కుప్పలు నేలనీటిని చెడగొట్టుచు నిలిచినవి. కల్లూరు సందులో, ఇండ్ల నడుమ, బోరుబావుల ప్రక్కన అట్టి తొట్టి నిలిపి, కడిగిన నీటిని మురికికాలువలోనికి వదలినచో అది హంద్రికే గదా పోవునది!

“మన కులమువారే మెరుగుపనికి భయపడినచో ఎట్లు?” అని ఒక మిత్రుడు నన్ను ప్రశ్నించెను. ఆ ప్రశ్నకు మన కులచరిత్రయే సమాధానము చెప్పును. స్వర్ణకారులు పూర్వము బంగారమును పాదరసముతో కలిపి వెండిమీద, రాగిమీద పూసి, నిప్పుపై పాదరసమును ఆవిరిచేసి జలపోసనము చేసెడివారు. ఆ యావిరి పీల్చినవారికి చేతులు వణకెను, చిగుళ్లు చెడెను. చేతివణకు స్వర్ణకారునకు మరణతుల్యము. 1840 దశకమున విద్యుత్తుతో బంగారుపూత వచ్చిన పిమ్మట లోకమంతట ఆ పద్ధతి క్రమముగ వెనుకబడినది. పాత పద్ధతిని విడుచుటచే స్వర్ణకారుని గౌరవము తగ్గినదని ఎవ్వరును చెప్పలేదు.

క్రోము లేని రిమ్ము అందవికారమని భావింపనక్కరలేదు. యుద్ధకాలపు సైన్యపు మోటారుసైకిళ్ల రిమ్ములకు రంగే. తుప్పు తీసి, ప్రైమరు పట్టించి, నల్లని ఎనామెలు వేసి ఎండించిన రిమ్ము బుల్లెట్టునకు మిక్కిలి శోభనిచ్చును. గీత పడినచోట ఇంటనే దిద్దుకొనవచ్చును. పాత క్రోము పొర సగము మేర బాగుండినచో దానిని అట్లే కాపాడి, మైనము పట్టించి, చెడిన నడుమభాగమునకు మాత్రము రంగు వేయవచ్చును. తప్పక క్రోమే కావలయునను యజమానుని రిమ్మును, వ్యర్థజలమును శుద్ధిచేయు యంత్రము, కాలుష్య నియంత్రణ మండలి అనుమతి గల పూతశాలకు పంపవలయును. అందును ఒక జాగ్రత్త. మెరుగు బాగుగ రావలయునని రిమ్మును మితిమీరి సానపట్టించువా రున్నారు. పొరుగుజిల్లా పట్టణములో ఒక పూతశాలకు మా మేనల్లుడు పంపిన జత అద్దములవలె తిరిగివచ్చినది. పుల్లల రంధ్రముల అంచులు కత్తివాదరవలె పలుచబడి, తయారుచేసినవారి ముద్ర మాయమై వచ్చినది. దానిని బండికి కట్టక గోడకు తగిలించినాడు. అందువలన పంపుటకు ముందు తూకము, వచ్చిన పిమ్మట తూకము వ్రాసికొనవలయును.

పోషక మహాశయులకు నా విన్నపము సంఘనిధిని గూర్చినదే. పనిచోటు పెట్టుడు. అందు రెండు చక్రపు స్టాండులు, రెండు డయలు గేజీలు, ఒక సోడా తొట్టి, గాలి బాగుగ వీచు రంగుగది, నేర్చిన గురువు ఒకడు ఉండవలయును. మొదటి సంవత్సరము పదిమందిని మించి చేర్చరాదు. పుల్లను వినుట గుంపులో నేర్పలేము. క్రోము తొట్లకు కేటాయింపదలచిన సొమ్మును నేర్చుకొను వారి భోజన వసతికిని, చేతితొడుగులకును, కంటద్దములకును వినియోగింపవలయును. ఈ సవరణను నేను వ్రాతమూలముగ కార్యదర్శిగారి కందజేసితిని; రేపటి ఉదయపు సభలో ఓటునకు వచ్చును. సభామండపము వాకిట వరదలో మునిగిన బుల్లెట్టు చక్రములు రెండు ఉంచబడినవి. ఒకటి విప్పి లోపలి జల్లెడ కనబడునట్లు పెట్టినది. మరియొకటి తుప్పు తీసి, నల్లరంగు వేసి, పుల్లలు బిగించి స్టాండుపై నిలిపినది. భోజనమునకు పోవునప్పుడు మొదటిదానిని తాకి చూడుడు, రెండవదానిని త్రిప్పి చూడుడు. పిల్లలను మాత్రము తిరుగుచున్న పుల్లలలో వ్రేళ్లు పెట్టనీయకుడు.